రాగిముద్దల బెంజీన్

రాగిముద్దల వల్ల ఇల్లు ఖాళీ చేసే గతి తెచ్చుకున్నది బెంగళూరు మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను, నవ్వండి.

మడకశిర నుంచి వచ్చి అప్పటికి మూడు నెలలు. చిక్కపేటలో మేడమీద గది. కిందికి దిగితే భుజాలు రాసుకునేంత జనం, పలకరించేవాడు ఒక్కడూ లేడు. ఒక్కడికే సంగటి కెలకడం ఎంత కష్టమో ఒంటరివాళ్ళకే తెలుసు. ఎంత తక్కువ పిండి వేసినా ఇద్దరికి సరిపోయేంత అవుతుంది. రెండో ముద్ద రోజూ నన్నే చూస్తూ కూర్చునేది.

తెల్లవారితే ఒక ట్యూషన్ సెంటర్లో ఉద్యోగానికి డెమో క్లాసు. పాఠం కార్బన్ బంధాలు. అది పోతే ఊరి బస్సెక్కడమే. మోడల్ కొనే స్తోమత లేక ఆరు చిన్న రాగిముద్దలు చేసి, వీటిని కార్బన్లు అనుకున్నాను. వెనక బెంచీకి కూడా కనపడాలని అన్నం ఉండలకు కుంకుమ పూసి, అవి హైడ్రోజన్లు అనుకున్నాను. కాలిపోయిన అగరొత్తుల పుల్లలు ఒకచోట ఒకటి, ఒకచోట జంటగా గుచ్చి అన్నిటినీ నేలమీద గుండ్రంగా కలిపాను. అది బెంజీన్ అని నాకు తెలుసు. చూసేవాళ్ళకు ఏమనిపిస్తుందో తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు!

తలుపు వేసి రిహార్సల్ మొదలుపెట్టాను. "మీరిద్దరూ రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. కదలకూడదు!" మూడు నెలల తర్వాత ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటే గొంతు దానంతటదే పెరిగింది.

తలుపు దబదబా మోగింది. కింద ఉండే ఇంటి ఓనరు నంజమ్మవ్వ.

"లోపల ఎవురుండారప్పా? ఆడోళ్ళని తేకూడదని చెప్పలేదా?"

"ఎవరూ లేరవ్వా. కార్బన్లు!"

"ఎంతమంది?"

"ఆరు."

అవ్వ తలుపు తోసింది. నల్లముద్దలు, ఎర్రన్నం, గుచ్చిన పుల్లలు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"చేతబడి! నా ఇంట్లోనే! నాళెకే, తెల్లారేసరికే రూము ఖాళీ చెయ్యి!"

కాళ్ళు పట్టుకున్నాను. పుల్ల గుచ్చనేల, కాళ్ళు పట్టనేల! "చేతబడి కాదవ్వా, చదువు. ఒక్కో నల్లముద్దకు నాలుగు పుల్లలు, అంటే నాలుగు చేతులు. ప్రతి చెయ్యీ దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి. పక్కనున్నదాన్ని ఒక చేత్తోనైనా పట్టుకోవచ్చు, రెండు చేతులతోనైనా పట్టుకోవచ్చు. చెయ్యి ఖాళీగా ఉంటే మాత్రం అది స్థిమితంగా ఉండలేదు."

అవ్వ గుమ్మంలోనే కూర్చుని వేలు చూపిస్తూ లెక్కపెట్టింది.

"నాలుగంటివే, దీనికి ఐదుండాయి కదప్పా?"

చూశాను. ఐదే! జంట పుల్లలు ఒకటి విడిచి ఒకటి రావాలి. నేను రెండు జంటల్ని పక్కపక్కనే గుచ్చాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన ఘనుణ్ణి!

"దానికి చూడు, మూడే. పాపం, ఒక చెయ్యి ఊరికే ఉండాది."

ఆ ముద్దను చూశాను. అది నేనే అనిపించింది. అవ్వ నా మొహం వైపు కాసేపు చూసింది.

"పుల్ల మార్చి గుచ్చుకుని కిందికి రాప్పా. నేనూ ఒక్కదాన్నే కదా. దినామూ ఒక ముద్ద మిగిలిపోతా ఉండాది."

మర్నాటి డెమోతో ఉద్యోగం వచ్చింది. ఆ రోజే అవ్వ చారుగిన్నె సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: నంజమ్మవ్వ లెక్కపెట్టి సరే అనేదాకా, ఈ జన్మలో ఏ కార్బన్‌నూ క్లాసు గడప దాటించను.