వాలులో నాన్న

నాన్నకి స్టెంట్ వేశాక నా ఫోన్‌లో నేను ఎక్కువగా చూసింది ఆయన గుండె వేగమే. ఆయన చేతికి నేను తొడిగిన వాచీ నుంచి ఆ అంకె నా ఫోన్‌కి వస్తుంది. ఎర్రగా మారితే ఆయన ఆగాలి, అదీ మా ఒప్పందం. ఇద్దరి మధ్య దూరం పెరిగితే మాత్రం అంకె మాయమవుతుంది. అందుకని ఎక్కడికెళ్లినా ఆయన వెనకే సైకిల్ తొక్కేదాన్ని.

డాక్టరు నడవమంటే నాన్న సైకిల్ కొన్నాడు. పామర్రు కాలవ గట్ల మీద తొక్కి పెరిగిన మనిషి, ఇప్పుడు గవర్నర్‌పేటలో మోటార్ల షాపు. ఓ ఆదివారం పొద్దున్నే కొండపల్లి అడవిలోకి వెళ్దామన్నాడు. అక్కడ ఎప్పుడో మూతబడ్డ రాతి క్వారీల మధ్య నుంచి లారీల కోసం వేసిన తారు రోడ్డు ఇంకా ఉంది.

"అదంతా ఎత్తు నాన్నా."

"నువ్వు ఫోన్ చూసుకో, నేను రోడ్డు చూసుకుంటా."

"ఫోన్‌లో చూసేది నీ గుండెనే!" అని అరిచాను.

"అరవకే, నీ గుండె చూస్కో ముందు."

ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఎర్రబడగానే ఆపాను, ఆయన విసుక్కుంటూనే ఆగాడు. రోడ్డుకి రెండు పక్కలా ఎండిన చెట్లు. మధ్యలో కూలీల కాలనీ వచ్చింది. కప్పుల్లేని గదులు, గోడ మీద వెలిసిపోయిన 'పేలుళ్లు జరుగును, ఆగుము'. సిగ్నల్ ఎప్పుడో పోయింది. మనుషుల మాట ఎక్కడా వినపడలేదు.

పైకి చేరాక అంకె పచ్చగా అయింది. గండం గడిచిందనుకుని నీళ్ల బాటిల్ తీశాను. తల తిప్పేసరికి నాన్న లేడు. ముందు రోడ్డు కొండ అవతలికి ఏటవాలుగా దిగిపోతోంది. ఫోన్‌లో అంకె ఉండాల్సిన చోట ఖాళీ గీతలు.

అప్పుడు తట్టింది. నాన్న పెరిగిన డెల్టాలో వాలంటే కాలవ వంతెన దిగటమే. తొక్కటం మానేసి, కాళ్లు బారజాపి, కేకలేస్తూ దిగటం అక్కడి పిల్లల సరదా. పట్టు తప్పితే పొలంలో పడి నవ్వుకుంటారు. ఇక్కడ వాలు చివర ఏముందో నాకు తెలీదు.

మలుపులో మేకలు తోలుకొస్తున్న ఒకామె అడ్డొచ్చింది.

"ఇటు ఒక పెద్దాయన వచ్చాడాండీ?"

"బాణంలా పోయాడమ్మా. అరిచాడో నవ్వాడో మరి! నిదానంగా పో, చివర నీళ్ల గుంత ఉంది. లారీలే ఆగేవి కావు ఇక్కడ."

రెండు బ్రేకులూ నొక్కిపట్టి దిగాను. పచ్చటి నీళ్లు కనపడ్డాయి. నీళ్లలో సైకిల్ కోసం వెతికాను, చొక్కా కోసం వెతికాను.

"ఇటు, ఇటు" అన్నాడు నాన్న.

గుంత అంచున కంకర కుప్ప మీద కూర్చున్నాడు. సైకిల్ పక్కనే పడి ఉంది. ఒక చెప్పు అడుగు అరిగి చిరిగిపోయింది, మడమ నుంచి రక్తం.

"బ్రేకులున్నాయిగా!"

"గుర్తు రాలేదే. మా చిన్నప్పుడు సైకిళ్లకి బ్రేకులెక్కడివి? కాలు రోడ్డుకి ఆనించా."

స్టెంట్ వేశాక ఆయన రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాడు. చున్నీ చింపి మడమకి గట్టిగా కట్టాను. అది తడుస్తూనే ఉంది. ఫోన్ బజ్‌మంది. వాచీతో మళ్లీ కలిసింది, అంకె ఎర్రగా. దాంతో ఎవరికైనా కాల్ చేద్దామంటే సిగ్నల్ లేదు. బయటపడే దారి ఒక్కటే, దిగిన వాలంతా ఎక్కటం.

"ఎక్కగలవా?"

"నువ్వు అరవకుండా ఉంటే."

సైకిళ్లు అక్కడే వదిలేసి, ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. రెండో చేతిలో ఫోన్. అంకె ఎర్రబడ్డప్పుడల్లా ఆపుదామని నోరు తెరిచేదాన్ని. నేను అనేలోపే ఆయన ఆగుతున్నాడు. విసుగు లేదు, వాదన లేదు. కట్టు ఎరుపు కన్నా, అంకె ఎరుపు కన్నా, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.