తప్పుగా పంపిన గాలి

మంగళవారం పొద్దున గుడివాడ బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది, పక్కింటి మావయ్యగారు పోయారని. ఆయన మాకు చుట్టం కాదు. బందరులో బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి, పై గాలుల వివరం రాసి పంపడం ఆయన ఉద్యోగం. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను కనక ఆకాశంలో జరిగేవాటన్నిటికీ నేనే జవాబుదారీని అన్నట్టు ప్రశ్నలడిగేవారు.

ఏం రాసినా పెన్సిలే. చెరపడం మాత్రం లేదు, ఒక్క గీత కొట్టి పక్కన రాసేవారు.

"శుభలేఖ మీద మా తమ్ముడి పేరు కూడా కొట్టేయాలా? చెరపచ్చుగా!" అని ఆయన భార్య, అత్తయ్యగారు కసిరితే, "చెరిపేస్తే ఏం తప్పు రాశానో ఎలా తెలుస్తుందే?" అనేవారు.

ఒకసారి అవనిగడ్డ పెళ్లికి వెళ్తూ బస్సులో చెప్పారు.

"ఉద్యోగం కొత్తలో, తెల్లవారుజామున బెలూననుకుని వేగుచుక్కని పట్టుకున్నానమ్మా. దుర్భిణిలో రెండూ తెల్లచుక్కలే. లెక్క కడితే కింద నుంచి పైదాకా ఒకే దిక్కు, ఒకే వేగం. అంత నీటైన గాలి ఎక్కడైనా ఉంటుందా? పంపేశాక వెలిగింది."

"సరిచేసి పంపారుగా?"

"పంపా. ఈలోపు మొదటిది ఎంతదూరం పోయిందంటావ్?"

నేను నవ్వేశాను. "అనుమానమొచ్చినవాటిని వాతావరణం అంచనా కట్టే కంప్యూటర్ మోడళ్లు పక్కన పెట్టేస్తాయండీ."

"అయితే నేను నిజంగా చూసిన వింత గాలుల్ని కూడా పెట్టేశాయా?"

తేల్చి చెప్తానన్నాను. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ధ్రువాల వైపు దేశాల్లో ఒత్తిడి తేడాలను బట్టి గాలిని చాలావరకు ఊహించవచ్చు. భూమధ్యరేఖ దరిదాపుల్లో అది అంతగా కుదరదు, గాలిని నేరుగా చూడాల్సిందే. ఇక్కడ దొర్లిన పొరపాటు మోడల్‌లో పెరిగి, వారం తిరిగేలోపు మన పేరే తెలియని ఊళ్ల వాన అంచనాను మార్చగలదు. ఆయన భయం ఉత్తిది కాదు. ఆయన పని విలువా అంతే.

మొన్న ఆదివారమే ఆయనకు చెప్పి ఉండవచ్చు. ఇంకాస్త నిర్ధారించుకుందామని ఆగాను.

ఆయన పోయిన మర్నాడు అత్తయ్యగారు వాకిట్లో అడిగారు. "ఆ అమ్మాయి ఇంకా తేల్చలేదా అని రోజూ అడిగేవారే. ఏం తేలింది?"

చెప్పాను.

"మరి ఆ తప్పుది?"

"ఎంతదూరం పోయిందో తెలీదండి."

ఆవిడ తలూపారు. మా ఇళ్ల మీదుగా నల్లమబ్బులు సముద్రం వైపు కదులుతున్నాయి. వాటికి చాలా పైన, సన్నటి తెల్లచారలు సముద్రం మీంచి నేలవైపు వస్తున్నాయి.