కెమెరాకి కనపడని మా ఎస్తేరు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మాచర్లలో మా సంఘంలో ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ పిల్లలకు వాక్యం చెబుతున్నాను. చనిపోయినవాళ్లు ప్రభువు పిలిచేదాకా నిద్రిస్తారని, ఇళ్ల చుట్టూ తిరగరని వాళ్లకు చెబుతాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను. అయినా నేను రాసేది చనిపోయినవాళ్ల గురించి కాదు. బతికున్న మా చెల్లెలు ఎస్తేరు గురించి.

ఎస్తేరుకు షుగరు, బీపీ. వాళ్లాయన నాపరాళ్ల లారీ తోలతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. నాకు భర్త లేడు కాబట్టి వాళ్లింట్లోనే ఉంటున్నాను. డాక్టరు దాన్ని రోజూ నడవమన్నారు. నాలుగు రోజులు నడిచి, లారీ స్టాండు దగ్గర ఎవరో నవ్వారని మానేసింది. అప్పుడు దాని కూతురు కీర్తన ఒక డాన్సు గేమ్ తెచ్చి టీవీకి పెట్టింది.

టీవీ మీద చిన్న కెమెరా ఉంటుంది. ఎదురుగా నిలబడితే మన ఆకారం నీడలాగా తెర మీదకి వస్తుంది. ఎడమవైపు ఉన్నవాళ్లది నీలం, కుడివైపు వాళ్లది ఎరుపు. ఇద్దరూ కుడిచెయ్యి ఎత్తితేనే పాట మొదలవుతుంది. ఆ తర్వాత తెర మీద బొమ్మ ఎలా ఆడితే మనం అలా ఆడాలి.

మా సంఘంలో డాన్సు కూడదంటారు. ఒంటికి మంచిదే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. రోజూ పదకొండింటికి, వంటయ్యాక, తలుపు గడియపెట్టి ఆడేవాళ్లం. నేను నీలం, అది ఎరుపు.

"ఏందక్కా, కరెంటు స్తంభంలాగా నిలబడ్డావు? నడుం తిప్పు. పాస్టరమ్మ గారేం చూడట్లేదులే" అనేది.

తనేమో బొమ్మ కుడికి తిరిగితే ప్రతిసారీ ఎడమకే తిరిగేది. తిరుగుతూ, జారిన కొంగు ఎడంచేత్తో బొడ్లో దోపుకునేది. రెండు నెలల్లో దాని షుగరు బాగా దిగింది.

ఒకరోజు కెమెరా దాన్ని చూడటం మానేసింది. ఇద్దరం నిలబడ్డాం, తెర మీద నా నీలం నీడ ఒక్కటే ఉంది. ఎస్తేరు చేతులూపింది, గెంతింది.

"సన్నబడి మిషను కంటికి ఆనట్లేదక్కా నేను" అని నవ్వింది.

మర్నాడూ అంతే. కెమెరా తుడిచాం, కిటికీ తీశాం, చీర మార్పించాను. దాని చోట నేను నిలబడితే ఎరుపు నీడ వచ్చింది. కీర్తనకి వచ్చింది. పక్కింటి మస్తాన్‌బీని పిలిచి నిలబెడితే ఆమెకీ వచ్చింది. ఎస్తేరు ఒక్కదానికే రాలేదు. మూడో రోజు అది నవ్వలేదు. "నేను లేనా ఏందక్కా ఇక్కడ?" అంది.

అది దేవుడి హెచ్చరిక అని నేను తీర్మానించాను. మా సంఘంలో ఏ కష్టమొచ్చినా మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుంటాం. మేమూ పెట్టుకున్నాం.

"మరి మాత్రలక్కా?" అని అడిగింది.

"ఉపవాసంలో మాత్రలేందే? విశ్వాసం ఉంచు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

మూడో రోజు పొద్దున మోకాళ్ల మీద ఉండగానే ఎస్తేరు పక్కకి ఒరిగిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు, మాత్రలు ఎందుకు ఆపారని అడిగారు. కీర్తన నా వైపు చూసింది.

ఇంటికి తెచ్చిన నెల రోజులకు ఆ ఆట తీసి లోపల పెడదామనుకున్నాను. ఎస్తేరు లోపలి గదిలో మంచం మీద ఉంది. కీర్తన కాలేజీకి వెళ్లింది. వీధి తలుపు గడియ వేసే ఉంది. టైము పదకొండు. కెమెరా పీకబోయే ముందు ఒకసారి ఆన్ చేశాను.

నీలం నీడ వచ్చింది. దాని పక్కన ఎరుపు నీడ వచ్చింది.

పక్కకి చూశాను. గచ్చు, గోడ, అంతే. వెనకున్న కుర్చీని మిషను మనిషనుకుందేమోనని అవతలికి జరిపాను. నీడ కదల్లేదు. తర్వాత అది కుడిచెయ్యి ఎత్తింది.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. పాట మొదలైంది. నేను కదల్లేదు, ఎర్ర నీడ ఆడింది. బొమ్మ కుడికి తిరిగితే అది ఎడమకి తిరిగింది. ఎడంచెయ్యి నడుం దగ్గరికి పోయింది.

వైరు లాగేశాను.

"ఎందుకాపావక్కా?"

లోపలి గదిలోంచి, స్పష్టంగా, ఎస్తేరు గొంతు. పాట దానికి వినపడి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ పడిపోయిన రోజు నుంచి అది ఒక్క మాట కూడా పలకలేదు. ఆ తర్వాతా పలకలేదు. వెళ్లి చూస్తే కుడిచెయ్యి నేను దిండు మీద పెట్టినట్టే ఉంది. ఫ్యాను కింద ఉన్నా ఒళ్లంతా చెమటతో తడిసి ఉంది.

ఆ సాయంత్రం కీర్తన చేత ఆన్ చేయించాను. నేను నిలబడితే నా నీడ ఒక్కటే వచ్చింది. బాగుచేసేవాడు మిషనులో లోపం లేదన్నాడు.

చనిపోయినవాళ్ల గురించి నాకు వాక్యం తెలుసు. దీనికి నాకు ఏ వాక్యమూ దొరకలేదు. పాస్టరు గారిని అడగాలంటే మాత్రల సంగతీ చెప్పాలి.

వైరు నా బీరువాలో ఉంది. రోజూ పదకొండింటికి ఎస్తేరు తల టీవీ ఉన్న గోడవైపు తిరుగుతుంది. తర్వాత నా వైపు చూస్తుంది. ఆ ఎర్ర నీడ దేవుడిచ్చిందో కాదో నాకు తెలియదు. ఒకసారి అలా తెలుసనుకునే ఎస్తేరుని మంచాన పడేశాను. అందుకే బీరువా తీయలేను, దాని కళ్లలోకి చూడలేను. పక్కన కూర్చుని దాని కుడిచెయ్యి పట్టుకుంటాను. అది చల్లగా, బరువుగా నా చేతిలో ఉండిపోతుంది.