మా రజిత వేసిన మిషన్ బెల్టు

మా బిడ్డ రజిత చిన్నప్పుడు... తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆర్మూర్‌లో మా వాడలో మొదటి బట్టలుతికే మిషన్ మా ఇంటికే వచ్చింది. మా ఆయన దుబాయి నుంచి పంపించాడు. నేను బీడీలు చేసేదాన్ని... బట్టలుతికి వేళ్లు నానిపోతే ఆకు చుట్టరాదని ఆయనకు తెలుసు.

మా అత్తకు ఆ మిషన్ మీద మస్తు నమ్మకం. ఒకరోజు పసుపు ఆరబెట్టిన గోనె పట్టా తెచ్చి అందులో కుక్కింది.

"అత్తా, గది బట్టల మిషన్" అన్నాను.

"గంత కరెంటు తింటది, గీ పట్టా ఉతకదా?"

మిషన్ మూలిగింది... కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఇక మోటారు చప్పుడే గానీ లోపల నీళ్లు కదల్లేదు.

రిపేరు చేసే ఆయన వచ్చి, "దుబాయి మిషన్ అక్కా... దీని సామాన్లు ఈడ దొరకయి" అని వెళ్లిపోయాడు. ఆ నెలలోనే మా ఆయన సెలవు మీద వస్తున్నాడు. అంత దూరంలో కష్టపడి, నాకోసమని పంపిన వస్తువు అదొక్కటే... ఆయనకు ఏం చెప్పాలా అని కూర్చుండిపోయాను.

రజిత ప్లగ్ పీకి, మిషన్ని గోడ నుంచి జరిపి, వెనక రేకు విప్పడం మొదలుపెట్టింది.

అత్త లబలబలాడింది. "ఆడపిల్లవు, నీకెందుకే గవన్నీ! ఇంకింత ఖరాబు చేస్తవు!"

"ఖరాబు చేసుడు నీ వంతు అయిపోయింది నానమ్మా... బాగు చేసుడు నాది."

అంత దిగుల్లోనూ నాకు నవ్వు ఆగలేదు.

లోపల బెల్టు అరిగి, సగం చిరిగి వేలాడుతోంది.

"అమ్మా, గిది మన పసుపు డ్రమ్ము లెక్కనే ఉన్నది! గాడ మోటారు, గీడ చక్రం, నడుమ బెల్టు."

పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ము దగ్గర ఆడుకుంటూ పెరిగిన పిల్ల... బెల్టు బిగించడం ఎన్నిసార్లు చూసిందో. పాత బెల్టు పట్టుకుపోయి, మోటారు సామాన్ల దుకాణంలో పక్కన పెట్టి కొలిచి, అంతే ఉన్నది తెచ్చింది. ముందు మోటారుకు తగిలించి, పెద్ద చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఎక్కించింది. నా బొటనవేలు పట్టుకుని బెల్టు మీద నొక్కించింది.

"జర దిగాలె అమ్మా... మస్తు దిగొద్దు."

మిషన్ తిరిగింది! మా ఆయన వచ్చాక వాడంతా తిరిగి "నా బిడ్డ చేసింది" అని చెప్పుకున్నాడు. మా అత్త అయితే ఇంటికొచ్చిన వాళ్లందరికీ వెనక రేకు చూపించేది.

రజిత మమ్మల్ని విడిచి పోయి రెండేళ్లు... మొన్న మళ్లీ బెల్టు తెగింది. పారేసి కొత్త మిషన్ తెచ్చుకొమ్మన్నారు అందరూ. నేను వినలేదు. రేకు నేనే విప్పాను, చక్రం తిప్పుతూ కొత్త బెల్టు నేనే ఎక్కించాను. బొటనవేలితో నొక్కి చూశాను...

జర దిగింది. మస్తు దిగలేదు.

ఇప్పుడు ఏది చెడినా పారేయడమే... మీ ఇంట్లో మీ పిల్లల చేత్తో బాగుపడిన వస్తువు ఇంకా నడుస్తుంటే కింద రాయండి. వాళ్ల పేరు కూడా రాయండి... చదువుకుంటాను.