చేతులు చాచినవాడికల్లా బంతి ఇచ్చే అబ్బులు

అబ్బులు ఎలా ఆడతాడో చూసి చెప్పమని కోచ్ నాకే అప్పజెప్పాడు. నా చోటుకి ఎసరు పెట్టడానికి వచ్చినవాడు పనికొస్తాడో లేదో నేనే తేల్చాలట. ఇంతకన్నా దిక్కుమాలిన పని ఇంకోటి ఉండదు.

ముందు ఆట సంగతి. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికావాళ్ళది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతారు. దాన్ని పట్టుకుని పరిగెత్తాలి, ఎదుటివాళ్ళు మీదపడి పడగొడతారు. అబూధాబీలో, దుబాయ్‌లో ఇలాంటి జట్లు కొన్ని ఉన్నాయి. పగలు ఉద్యోగాలు, సాయంత్రం ఆట. ఇందులో రిటర్నర్ అని ఒకడుంటాడు. ఎదుటి జట్టు బంతిని ఆకాశంలోకి తన్నినప్పుడు, మైదానం ఈ చివర నిలబడి పట్టుకుని, మీదికొచ్చేవాళ్ళను తప్పించుకుంటూ పరిగెత్తేవాడు. జనం లేచి నిలబడేది వాడి కోసమే. రెండేళ్ళుగా ఆ రిటర్నర్ని నేను. ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసి వచ్చి, నాన్న పనిచేసే కంపెనీలోనే స్టోర్లో కూర్చుంటున్నాను. నా గురించి మా ఇంట్లో నలుగురికీ చెప్పుకోవడానికి ఆ ఒక్క ముక్కే ఉంది. అది కూడా పోతే ఇక నేను వీరరాఘవరావుగారి అబ్బాయిని, అంతే.

సీజన్ ముందు కొత్తవాళ్ళను పంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. పోయినేడు అట్టడుగున ఉన్న జట్టుకి ముందు ఎంచుకునే హక్కు. అట్టడుగున ఉన్నది మేమే. మా కోచ్ డారెల్ అమెరికావాడు, ఇక్కడ ఒక స్కూల్లో ఆటల మాస్టారు. ఆయన చెప్పిన మొదటి పేరు అబ్బులు. అప్పటికి అబ్బులుకి ఈ ఆట పేరు కూడా సరిగ్గా తెలియదు.

అబూధాబీ శివార్లలో, ముసఫ్ఫాలో ఉన్న మా గ్రౌండుకి పాత టైర్లు తెచ్చిన పికప్పులో వచ్చాడు వాడు. వరసగా పరిచిన టైర్లలో కాళ్ళు వేస్తూ పరిగెత్తడం మా కసరత్తు. వాడు టైర్లు దించుతుంటే ఎవడో విసిరిన బంతి దారి తప్పి వాడి తలమీదికి పోయింది. అందరం కేకేశాం. వాడు ఎడం చెయ్యి ఎత్తాడు. బంతి చేతిలో ఉంది. కుడిచేతిలో టైరు అలాగే ఉంది. కోచ్ ముఖం చూసి నాకు అప్పుడే కడుపు మండింది. నన్ను ఎంచుకున్న ఏడు, చిట్టచివర, ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి తీసుకున్నారు.

జట్టులో ఇంకో తెలుగువాణ్ణి నేనే కాబట్టి వాణ్ణి కూలీల క్యాంపు నుంచి కారులో తేవడం, నేర్పడం, చూసి చెప్పడం అన్నీ నా నెత్తిన పడ్డాయి. ఎక్కగానే నా కారు అద్దం తనవైపు తిప్పుకుని జుట్టు దువ్వుకుంటాడు. మళ్ళీ సరిచెయ్యడు. వెనకొచ్చే లారీ కనపడక నేను చస్తుంటాను. నోరు మాత్రం ఆగదు. రాజోలు దగ్గర వాళ్ళ ఊరు. వాడి చిన్నప్పుడే అమ్మ అచ్చాయమ్మ ఇళ్ళల్లో పనికి మస్కట్ వెళ్ళింది, అక్కణ్ణుంచి అబూధాబీ. పిన్ని దగ్గర పెరిగాడు. పదో తరగతి తప్పి కొబ్బరికాయల లారీలు నింపే పనిలో చేరాడు. అమ్మే వీసా చూసి పిలిపించుకుంది. ఇప్పుడు టైర్ల గోడౌన్లో పనిచేస్తున్నాడు. తల్లీకొడుకులు ఒకే ఊళ్ళో ఉన్నా ఆదివారం ఆదివారమే కలుస్తారు.

"మా యమ్మ నన్ను పెంచలేదండి, నేనే ఫోన్లో మా యమ్మని పెంచాను," అని తనే నవ్వుకున్నాడు.

మొదటి రోజు హెల్మెట్ ఇస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటండి బాబూ, బండి లేకుండానే ఎల్మెట్టు పెట్టేత్తన్నారు?"

"పెట్టుకో. తల పలిగితే నీకు వీసా ఇచ్చిన కఫీల్ నన్నడుగుతడు."

"ఆయ్, అలాగేనండి."

జట్టంతా వాడికి రెండు రోజుల్లో లొంగిపోయింది. నా పేరు నోరు తిరగక నన్ను ఇప్పటికీ "సూజీ" అనే లెబనాన్ వాడు కూడా వాడి పేరు మాత్రం "అబ్బులూ" అని చక్కగా పలుకుతాడు.

నేను మాత్రం వంక కోసం చూశాను. అబద్ధం ఎందుకు, దానికోసమే చూశాను. పరుగు నాకంటే తక్కువే. అది చూసి ఆ రోజు హాయిగా బిర్యానీ తిన్నాను. ఎక్కడ మలుపు తిరగమంటే అక్కడ తిరగడు, తనకి తోచినచోట తిరుగుతాడు. అదీ బాగానే ఉంది. కానీ ఆ చేతులు! బంతి వచ్చి తగిలిన చప్పుడే ఉండదు. మాకు టప్పుమంటుంది. వాడి చేతులు బంతితో పాటు వెనక్కి జరిగి, నిద్రపోతున్న పిల్లను అందుకున్నట్టు అందుకుంటాయి. నేను ఇంట్లో మెట్ల దగ్గర నిలబడి దిండుతో అలా పట్టడానికి ప్రయత్నించాను. మా అమ్మ చూసి, "ఏమైందిరా నీకు?" అంది.

గురువారం ప్రాక్టీసులో అసలు వంక దొరికింది. ఆ రోజు రిటర్న్ ఆడించారు. బంతి ఆకాశంలోకి లేచింది, అబ్బులు కిందికి వెళ్ళి అందుకున్నాడు. ఎదుటివైపు నుంచి నైజీరియా వాడొకడు, ఆరడుగుల మనిషి, అడ్డుకోవడానికి రెండు చేతులూ చాచి పరిగెత్తుకొచ్చాడు. అబ్బులు బంతిని వాడి చేతుల్లో పెట్టేశాడు. విసరడం కూడా కాదు, పదిలంగా అందించాడు. వాడు బంతిని చూసుకుని, అబ్బుల్ని చూసి, ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాడు.

నేను నేలమీద కూర్చుని నవ్వాను.

"ఎందుకిచ్చినవ్ అన్నా, వాడు మన దుష్మన్ గదా?"

"సేతులు సాపేడు గదండీ!" అబ్బులు నామీదే గయ్యిమన్నాడు. "లైన్లో సేతులు సాపినోడికి ఇవ్వకపోతే ఎనకాల వచ్చే టైరు నా మొహానికి తగలదా?"

అప్పుడు అర్థమైంది. కంటైనర్ నుంచి గోడౌన్ లోపలిదాకా మనుషులు వరసగా నిలబడతారు. ఒకడు విసిరింది పట్టి పక్కవాడికి విసరాలి. అంతకుముందు కొబ్బరికాయలదీ అదే పద్ధతి. వాడి బతుకులో ఏ వస్తువూ వాడి చేతుల్లో ఆగింది లేదు. పట్టడం ఎంత బాగా వచ్చో, ఉంచుకోవడం అంత రాదు.

పరుగున కోచ్ దగ్గరికి వెళ్ళాను. "చేతులు బంగారం. కానీ రిటర్నర్‌గా పనికిరాడు. ఎవడు చెయ్యి చాపితే వాడికి బంతి ఇచ్చేస్తాడు," అన్నాను. ప్రతి మాటా నిజం. చెబుతుంటే నోరు తీపెక్కింది.

కోచ్ గడ్డం గోక్కున్నాడు. "అయితే ఆదివారం మ్యాచ్‌లో ఇద్దరూ వెనక నిలబడండి. అతను పట్టి నీకిస్తాడు, నువ్వు పరిగెత్తు. నువ్వు అతని వెనకే ఉండాలి. ముందున్నవాడికి ఇస్తే తప్పు, బంతి వెనక్కి పంపిస్తారు. గుర్తుంది కదా?"

గుర్తులేకేం! ఎగిరి గంతేశాను. కష్టం వాడిది, పరుగు నాది. కారులో అబ్బులుకి నూరిపోశాను. "నాకు తప్ప ఎవనికీ ఇయ్యకు. నేను ఎనకాలుంట."

"మీకేనండి. మీ సేతులు గుర్తెట్టుకుంటాను."

ఆదివారం దుబాయ్ జట్టు వచ్చింది. అచ్చాయమ్మ కూడా వచ్చింది, తను పనిచేసే ఇంటి మేడమ్ పిల్లల పాత గొడుగు వేసుకుని. మొదటిసారి తన్నిన బంతిని అబ్బులు పట్టి నాకిచ్చాడు. నేను ముగ్గుర్ని తప్పించి సగం మైదానం దాటాక పడగొట్టారు. లేచి చూస్తే మావాళ్ళంతా వాడి వీపు చరుస్తున్నారు. అచ్చాయమ్మ గొడుగు ఊపుతూ అరుస్తోంది, "మావోడే పట్టేడు! మావోడే!" పరిగెత్తిందెవడో ఎవరికీ పట్టలేదు.

ఆ మంట చివరిదాకా చల్లారలేదు. ఆట ముగిసేముందు మేము వెనకబడి ఉన్నాం, ఒక్కసారి చివరి గీత దాటితే గెలుస్తాం. బంతి లేచింది. ఈసారి అందరూ నన్నే చూడాలి. అబ్బులు ఇంకా పట్టకముందే నేను ముందుకు దూకాను. వాణ్ణి దాటిపోయి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాచి అరిచాను, "యల్లా! ఇయ్యి!"

వాడు బంతి పట్టాడు. నా చేతులు చూశాడు. నా కాళ్ళు చూశాడు. బంతిని చంకలో ఇరికించుకుని, నా పక్కనుంచే పరిగెత్తాడు.

నావైపు వస్తుందనుకుని దుబాయ్ వాళ్ళు నలుగురు నామీద పడ్డారు. కిందనుంచి, ఎవడిదో మోచెయ్యి సందులోంచి చూశాను. వాడి పరుగు నిజంగా నాకంటే తక్కువే. కానీ అడ్డమొచ్చేవాళ్ళంతా నామీదే ఉన్నారు. చివరి గీత దాటి, బంతిని ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూశాడు. రిఫరీ చెయ్యి చాపాడు. ఆయనకిచ్చాడు.

గెలిచాం. కోచ్ నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే వారం అతను ఒక్కడే వెనక. నువ్వు ముందుండి దారి చెయ్యి. అందర్నీ నీమీదికి లాక్కోవడం నీకు బాగా వచ్చు," అన్నాడు. పొగిడాడో తిట్టాడో గానీ, ఆ చోటు మాత్రం నాది కాకుండా పోయింది.

పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకి తల్లీకొడుకుల్ని కారులో ఎక్కించుకున్నాను. అచ్చాయమ్మ వెనక కూర్చుని నా తల నిమిరింది. "నువ్వూ బాగానే పరిగెట్టేవు నాయనా. మధ్యలో పడిపోయేవు గానీ."

"నాకెందుకియ్యలేదు అన్నా?" అన్నాను. ఆపుకోలేకపోయాను.

"మీరు ముందుకెళిపోయేరు గదా బాబూ. ఎనకుంటే ఇద్దును." అద్దం తనవైపు తిప్పుకుని దువ్వెన తీశాడు. "వచ్చే ఆదివారం నా ముందు మీరేనంట గదా? గట్టిగా కాయాలండి, నాకు దెబ్బలంటే బయ్యం."

"నేను కాస్తలే. కానీ ఒక్కపారి నీ చేతుల్నించి జారిందనుకో, నా చోటు నేను గుంజుకుంట. ముందే చెప్తున్న."

అచ్చాయమ్మ పకపకా నవ్వింది. వాడు దువ్వుకోవడం ఆపి నన్ను చూశాడు. ఆటపట్టిస్తున్నానేమో అని నా ముఖంలో వెతికి, కాదని తెలుసుకున్నాడు.

"ఆయ్," అన్నాడు, మొదటిసారి అండి లేకుండా. "జారితే తీసుకో."

ఆ మాట నాకు నచ్చింది. వాడు మాత్రం ఇంకా నచ్చలేదు. ముసఫ్ఫా సిగ్నల్ దగ్గర అద్దం నావైపు తిప్పుకుని, మంగళవారం ప్రాక్టీసుకి అందరికంటే ముందు వెళ్ళాలనుకున్నాను. వాణ్ణి మాత్రం మామూలు వేళకే తీసుకెళ్తాను.