గాజు మడి

ఆ రోజుల్లో మా కమలాపురం వైపు నీళ్ళను చూసి మురిసిపోవడానికని ఎవరూ ఇంట్లో పెట్టుకునేవారు కాదు. తాగడానికి, పోసుకోవడానికి, ఎనుములకు (గేదెలకు) పట్టడానికి, అదృష్టం బాగుంటే మడికి కట్టడానికే నీళ్ళు. కాలువ పారినన్నాళ్ళు వరన్నం, పారనన్నాళ్ళు జొన్న సంగటి, అంతే మా జాతకం. అలాంటి ఇంట్లో, ఎండలు ముదరబోతున్న సమయంలో, ఎస్సెల్సీ పరీక్షలు రాసి వచ్చిన ఒక ఆడపిల్ల కడవల కొద్దీ మంచినీళ్ళు గాజుపెట్టెలో పోసి, అందులో చేపలను వదిలి, వాటిని వండకుండా ఊరికే చూస్తూ కూర్చుంటానంటే పెద్దవాళ్ళు ఏమనుకుని ఉంటారో మీరే ఆలోచించండి. ఆ ఆడపిల్లను నేనే. మా జేజి (నాయన తల్లిని మావైపు జేజి అంటాం) నాకు ఏదో సోకిందని ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది కూడా.

నాకు సోకింది గాలి కాదు, చదువు. అనంతపురం వెళ్ళి హాస్టల్లో ఉండి కాలేజీలో చదవాలని నా కోరిక. మా నాయన చదువుకు అడ్డు చెప్పే మనిషి కాదు. ఆయన భయమల్లా నా మతిమరుపు. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. దూడను కట్టేయమంటే పలుపు చేతిలో పట్టుకుని ఆకాశంకేసి చూస్తూ నిలబడేదాన్ని, ఈలోగా దూడ పాలన్నీ తాగేసేది. కోడిపిల్లల మీద గంప మూసి పైన రాయి పెట్టడం మరిచిపోయి, మా వీధి పిల్లికి పండగ చేశాను. పొయ్యి మీద పాలు నా హయాంలో పొంగని రోజు లేదు (పొంగడం శుభమని నేను వాదించేదాన్ని). ఓ సాయంత్రం నాయన తేల్చి చెప్పేశాడు.

"సూడు పాపా, నిన్ను నువ్వే సాకోలేవు. ఆడ, హాస్టల్లో, నీకు జరమొస్తే ఎవురు చూస్తారు? ముందు ఒక ప్రాణాన్ని సాకి చూపించు. కాలేజీ తెరిచేనాటికి అది బతికుంటే నేనే రైలెక్కిస్తా. లేదా, ఈడనే ఉండు."

ఏ ప్రాణాన్ని సాకాలి? ఎనుములు, కోళ్ళు జేజి రాజ్యం. వాటి దరిదాపులకు నన్ను రానిచ్చేది కాదు. నేను దిగాలుగా ఉన్న ఆ సమయంలోనే రాజధాని మామ బస్సు దిగాడు. ఆయన నా చిన్నప్పుడే పోయిన మా అమ్మకు తమ్ముడు, కర్నూలులో గుమాస్తా. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. ఆఫీసులు చాలావరకు గుడారాల్లోనే నడిచేవి. గాలి గట్టిగా వీస్తే కాగితాల వెంట మామ కూడా పరిగెత్తాల్సి వచ్చేది. అయినా మాట మాటకూ "మా రాజధానిలో" అననిదే ఆయనకు నోరు పెగిలేది కాదు. ఆ పూట భోజనాల దగ్గర, మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన తన ఆఫీసరు ఇంట్లో చూసిన ఒక వింత చెప్పాడు. గాజుపెట్టెలో నీళ్ళు, నీళ్ళలో పచ్చటి తోట, తోటలో చేపలు!

నాకు వెంటనే సైన్సు పుస్తకంలోని బొమ్మ గుర్తొచ్చింది. ఎండ తగిలిన నీటిమొక్క బుడగలు బుడగలుగా ప్రాణవాయువును వదులుతుంది. దాన్ని చేప పీలుస్తుంది. చేప వదిలిన మలినాన్ని మొక్క తింటుంది. అంటే మొక్కలు కుదురుకునేలా నాటితే చాలు, ఆ తర్వాత అవీ ఇవీ ఒకదాన్నొకటి సాకుకుంటాయి. మధ్యలో నేను చేయవలసిన పనేమీ లేదు కాబట్టి మరిచిపోవలసిన పని కూడా లేదు. దేవుడు నన్ను దృష్టిలో పెట్టుకునే ఈ ఏర్పాటు చేశాడని నమ్మాను. నాయన కూడా "చేపైనా ప్రాణమే గదా, సరే" అన్నాడు.

అలాంటి పెట్టె తెచ్చిస్తానన్న మాటను మామ నిలబెట్టుకున్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఇనుప చట్రానికి నాలుగువైపులా గాజుపలకలు లప్పంతో బిగించిన పెట్టెను, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినంత భద్రంగా తెచ్చాడు. అడుగుకు కడప బండ. లప్పం బాగా ఆరాకే నీళ్ళు పోయాలని ముమ్మారు చెప్పి వెళ్ళాడు. మామ ఎక్కిన బస్సు ఊరు దాటకముందే నేను నీళ్ళు పోశాను. కాసేపటికి పడసాలలో చాప మీద కునుకు తీస్తున్న జేజి వీపు చల్లబడింది. "గెనిమ తెగిందిరో! మడి తెగిందిరో!" అని కేకలు పెడుతూ లేచింది. నిద్రమత్తులో పొలం గట్టు తెగి నీళ్ళు పోతున్నాయనుకుంది, పాపం. నాయన నవ్వు ఆపుకోవడానికి ఎనుముల కొట్టం దాకా వెళ్ళాల్సి వచ్చింది.

పెట్టె ఆరి, లప్పం బిగిసి, నీళ్ళు నిలిచాక దాన్ని గవాక్షి కింద పెట్టాను. మా మట్టిమిద్దెకు వెలుతురు కోసం పైన వదిలిన కంత అది. మిట్టమధ్యాహ్నం అందులోంచి ఎండ నిలువుగా పడసాలలోకి దిగుతుంది. ఇక అడుగున ఏం వేయాలి? పాపాఘ్ని ఏట్లోంచి ఇసుక తెచ్చాను సరే, ఇసుకలో బలమేముంటుంది? పుస్తకంలో దీని ప్రస్తావన లేదు. నాయననే అడిగాను.

"నాయనా, నీళ్ళలో పెరిగే మొక్కలకు కింద ఏమెయ్యాల?"

ఆయన సంగటి ముద్ద మీంచి తల ఎత్తలేదు. "ఏ మడికైనా ఒకటే గదా. గొర్రె ఎరువు. ఎరువు ఎయ్యకుండా ఏం సేద్యమే అది?"

గొర్రెల మందను పొలంలో కట్టించి పండించిన పంటంటే మా నాయనకు మహా గర్వం. ఆ ఎరువుతో రాళ్ళు కూడా మొలకెత్తుతాయని ఆయన అభిప్రాయం. నేను దిబ్బలోంచి చాటెడు తెచ్చి పెట్టె అడుగున పరిచాను. జేజి చూసి "ఏమే, మొక్కలకు గూడా పిసినారితనమా?" అని ఇంకో చాటెడు గుమ్మరించింది. దానిమీద ఇసుక కప్పాం. కాలువ కట్టేశాక మిగిలిన నీళ్ళలోంచి నేను నాచుమొక్కలూ, పొడుగాకుల నీటిగడ్డీ పీక్కొచ్చాను. వయసులో ఉండగా నాట్లు వేయడంలో జేజిని మించినవాళ్ళు లేరట. చీర కుచ్చిళ్ళు పైకి దోపి (మోచేతి లోతు నీళ్ళకు అదెందుకో నాకు తెలియదు) సాలు తప్పకుండా వరసలు వరసలుగా నాటేసింది. ఆఫీసరుగారి పెట్టెలో కొండలు, గుట్టలు, వంపులు ఉన్నాయని మామ చెప్పాడు. మాది మాత్రం అచ్చమైన వరిమడి. నాయన పొలం నుంచి వచ్చి, వంగి చూసి, "బాగుండాది. కలుపెప్పుడు తీస్తారు?" అని అడిగాడు.

చివరగా గుప్పెడు పరిగెలను (వేలెడంత చేపలు) పాతచీర ముక్కతో పట్టి తెచ్చి వదిలాను. అవి మా గాజు మడిలో సాళ్ళ మధ్య తిరుగుతుంటే నేను భోజనం మరిచిపోయాను (ఇందులో వింతేమీ లేదనుకోండి). చూడవచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట: "పులుసుకు చాలవు గదమ్మా!"

కొన్నాళ్ళు మొక్కలు నవనవలాడాయి. ఎండలు ముదిరాక ఓ మధ్యాహ్నం పెట్టెలోంచి బుడగలు లేవడం మొదలైంది. ఒకటీ అరా కాదు, గొలుసులు గొలుసులుగా. నా సంతోషం చెప్పనలవి కాదు. అచ్చం పుస్తకంలోని బొమ్మే! వీధి వీధంతా తిరిగి పిలుచుకొచ్చాను. గవాక్షి ఎండలో బుడగలు మెరుస్తుంటే "అదే ప్రాణవాయువు" అని వేలు పెట్టి చూపించి పాఠం చెప్పాను. ఒకావిడ చేతులెత్తి దండం కూడా పెట్టింది. మర్నాటికి చేపలన్నీ పైకి వచ్చి, నీటి మీద మూతులు తెరిచి, గుటక గుటకగా ఏదో మింగసాగాయి. నన్ను గుర్తుపట్టి పలకరిస్తున్నాయని మురిసిపోయాను. జేజి నా పక్కన చేరి, ముక్కు చిట్లించింది.

"నిన్ను చూసి రాలేదే అవి. ఉక్కపోస్తే మనం మిద్దెక్కుతాం గదా, అట్ల పైకొచ్చినాయి. కింద ఉండలేకపోతాండాయి."

అప్పుడు వంగి వాసన చూశాను. పెంటదిబ్బను వానలో కెలికినట్టు కంపు. నిదానంగా చూస్తే ఆ బుడగలు ఆకుల నుంచి రావడం లేదు. ఇసుక అడుగు నుంచి వస్తున్నాయి. నేను వీధికంతా చూపించి దండం పెట్టించుకున్న ప్రాణవాయువు, కుళ్ళిన గొర్రె ఎరువు తేన్పులు. చేపల్లో ఒకటి అప్పటికే ఓ పక్కకు ఒరిగిపోయింది. నాకు అనంతపురం కళ్ళముందే ఒరిగిపోయినట్టనిపించింది. జేజి నా చెవి దగ్గర గుసగుసలాడింది.

"ఏడవొద్దు. నాయన బావికాడ ఉండాడు. పొద్దుగూకేదాకా రాడు. వీటిని పారేసి, పాపాఘ్ని మడుగులో వేరేవి పట్టకరా. చేపకూ చేపకూ తేడా మీ నాయనకు ఏం తెలుస్తాది?"

నిజం చెబుతున్నాను, కాళ్ళు ఏటివైపే తిరిగాయి. అంత సులువైన దారి. నాయనకు తెలియదు, నేను కాలేజీకి పోతాను, జేజి నోరు విప్పదు. కానీ ఆ ఒరిగిన పరిగె ఇంకా మొప్పలు కదిలిస్తూనే ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ పారేయడం నావల్ల కాలేదు. పొలంవైపు పరిగెత్తాను. చెప్పులు వేసుకోవడం మరిచిపోయానని సగం దారిలో అరికాళ్ళు చెప్పాయి. ఈ పరుగుతో నా పందెం పోయినట్టేనని కూడా తెలుసు. ఏడుస్తూనే పరిగెత్తాను.

నాయన ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలుతున్నాడు. నన్ను చూసి ఎద్దులను ఆపాడు.

"నాయనా, నా చేపలు చచ్చిపోతాండాయి. నాకు చేత కావడంల్యా. నువ్వు రా!"

ఆయన ఎద్దులను విప్పి నీడన కట్టేసి, తలగుడ్డను చింపి నా కాళ్ళకు చుట్టి, ముందు నడిచాడు. ఇంటికి వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టి, తీసి, వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. చేపలను నీళ్ళ గాబులోకి మార్చమన్నాడు. వాటికి గాలి తగలాలని నాకు తోచి, చెంబుతో నీళ్ళు ఎత్తి ఎత్తి పైనుంచి పోస్తూ కూర్చున్నాను. ఆయన ఆ కుళ్ళును చేతులతో తోడి దొడ్లోకి మోశాడు. ఇంటినిండా కంపు. జేజి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఎరువు రెండో చాటెడు ఎవరు పోశారో తనకేమీ తెలియనట్టు ఎటో చూస్తోంది.

"పొలంలో అయితే నీళ్ళు వస్తాంటాయి, పోతాంటాయి" అని నాయన తనలో తాను గొణుక్కున్నాడు. "దీంట్లో పోయే దోవ యాడుండాది? నేనది తలుచుకోల్యా. ఎరువు ఎయ్యమనింది నేనే."

ఇసుకను కడిగి, ఎరువు లేకుండా ఉత్త ఇసుకే పరిచి, జేజి మళ్ళీ సాళ్ళు తీసి నాటి, బావి నీళ్ళు నీడన చల్లారాక పోసి, చేపలను వదిలేసరికి చీకటి పడింది. ఒరిగిన పరిగె మాత్రం ఒరిగే ఉంది. నాకు తిండి సయించలేదు.

మర్నాడు గవాక్షి ఎండ దిగేవేళకు ముగ్గురం పెట్టె ముందు కూర్చున్నాం. నాయన ఆ పూట పొలానికే పోలేదు (ఎద్దులకు ఎండ ఎక్కువైందట, మనిషికి కాదట). ఎండ నీళ్ళలోకి దిగింది. ఒరిగిన పరిగె తోక ఓసారి ఆడించి, నిటారుగా లేచి, జేజి నాటిన మొదటి సాలులోకి దూరి, రెండో సాలులోంచి బయటికి వచ్చింది. జేజి "అమ్మ నీ తల్లి!" అని చప్పట్లు కొట్టింది. నేను ఆపుకోలేక ఏడ్చాను. ఏడుపు తగ్గాక నాయనతో ఉన్నమాట చెప్పేశాను.

"వీటిని సాకింది నువ్వు, నేను కాదు. నేను ఓడిపోతి నాయనా. కాలేజీ వద్దులే."

నాయన నా వైపు తిరిగాడు.

"నువ్వు దేన్నీ మరిచిపోకుండా ఉంటావని నేను యాడనుకుంటిని? అది నీ చేత కాదు. యాడో అనంతపురంలో కష్టమొస్తే నాకు చెప్పకుండా దాచుకుంటావేమో అనేదే నా దిగులు. నిన్న ఎండలో ఒట్టి కాళ్ళతో పరిగెత్తుకొచ్చి పిలిస్తివి. అది చాలు నాకు. ఆడ గూడా అట్లే పిలువు. నేనొస్తా."

కాలేజీ తెరిచారు. నాయన నన్ను రైలెక్కించాడు. పరుపుచుట్ట ప్లాట్‌ఫారం మీదే మరిచిపోయాను. నాయన కదులుతున్న బండి వెంట పరిగెత్తి కిటికీలోంచి దాన్ని లోపలికి తోసి, నవ్వుతూ నిలబడిపోయాడు. సెలవులకు వచ్చేసరికి గాజు మడి నేను విడిచి వెళ్ళినప్పటికన్నా పచ్చగా ఉంది. నీళ్ళు ఎవరు మారుస్తున్నారని అడిగితే నాయన "పైరు ఎండిపోతాంటే చూస్తా ఊరుకునేది నాకు చేత కాదబ్బా" అని తలగుడ్డ విదిలించుకుని వెళ్ళిపోయాడు.

చివరికి నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి, రిటైరై, జేజినయ్యాను. ఇప్పుడు మా ఇంట్లోనూ ఓ గాజుపెట్టె ఉంది, కరెంటు మోటారుతో, తళుకుబెళుకు దీపాలతో. బుడగలు లేస్తే మనవరాలు చప్పట్లు కొడుతుంది. నేను మాత్రం ముందు వంగి వాసన చూస్తాను. ఏ కంపూ లేదని తేలాక హమ్మయ్య అనుకుని, ఎవరికీ వినపడకుండా "నాయనా, బాగుండాయిలే" అంటాను. మొన్న మనవరాలు వినేసింది.

"ఎవరితో మాట్లాడతాండావు జేజీ?"

"మా నాయనతో" అన్నాను. "పిలిస్తే వస్తాడు. ఈ పొద్దు రావాల్సిన పని లేదని చెప్తాండా."