ఈకలు ఊది చూసిన కోటమ్మత్త

మా కోడలు ఫారం కౌజు పిట్టలను మిరియాలు దట్టించి వేయిస్తుంటే, ఆ ఘాటు వరండాలో నా కుర్చీ దాకా వచ్చింది. నా నోరు ఊరుకుంటుందా? "ఇవీ పిట్టలేనా అమ్మా! ప్రత్తిపాడులో ఇంట్లో రెండొందల పూరేళ్లు పెంచినవాణ్ణి నేను" అన్నాను. అన్నానో లేదో, చెవి పక్కన ఎవరో 'ఫూ' అని ఊదినట్టయింది. ఆ ఊపిరి మా పొరుగింటి కోటమ్మత్తది.

అరవైల మొదట్లో నేను అక్కడి పత్తి మిల్లులో కాటా గుమస్తాని. కోటమ్మత్త మాకు చుట్టమేం కాదు, గోడ పక్కన ఉన్నందుకు వరస కలిపింది. పత్తి చేలల్లో వలలేసి పట్టిన పూరేళ్లను, అంటే అడవి కౌజులను కొని, గంప కింద ఉంచి, సజ్జలూ చెదపురుగులూ మేపి బలిపించేది. పిట్టను అరచేతిలో వెల్లకిలా పట్టుకుని రొమ్ము మీద ఊదేది. ఈకలు విడిపోయి కండ బయటపడేది. "ఈకలు చూసి మోసపోకురా అబ్బాయ్, ఊదితేగానీ లోపలేముందో తెలీదు" అనేది. నేను గొప్పలకు దిగితే నా మొహం మీదా అలాగే ఊదేది.

పెళ్లికి ముందు నేను మిల్లు మేనేజరునని చెప్పుకున్నాను. కాటా గుమస్తానని తేలాక అద్దంకిలోని మా మామగారు నా మాట నమ్మడం మానేశారు. ఆయన నాటుకోడి తప్ప మరొకటి ముట్టని మనిషి. ఒకసారి ఆయన ముందు నోరు జారాను. "పూరేడు ముందు కోడి ఎంత మామయ్యా! ఖర్చు సగం, రుచి రెట్టింపు. ఇంట్లో గంపలకొద్దీ పెంచుతున్నాను" అన్నాను. నెల తిరిగేసరికి వచ్చి తింటానన్నారు. "ఇది కూడా అబద్ధమైతే మా నాన్న ముందు నేనింక తలెత్తుకోలేను" అంది మా ఆవిడ. అప్పటికి ఇంట్లో ఒక్క పిట్టా లేదు.

పరుగెత్తి ఇరవై కొన్నాను. ఖర్చు తగ్గించాలి కదా, మిల్లులో ఊరికే దొరికే పత్తి గింజలు దంచి పోశాను. గేదెకు చిక్కటి పాలిచ్చే మేత పిట్టకు కండ పట్టించదా అనుకున్నాను. పది రోజుల్లో ఎనిమిది చచ్చాయి. మిగిలినవాటిని కోటమ్మత్త ఊది చూసింది. "ఇది పిట్టా, ఈకలు అతికించిన పుల్లా? గేదెకూ పిట్టకూ ఒకటే కడుపనుకున్నావట్రా?" అని, గంపలు తన ఇంటికి మార్చుకుంది. సజ్జలు మేపింది. లెక్క వేస్తే ఒక్కో పూరేడూ కోడిపెట్ట ధర పలికింది.

మామగారు వచ్చిన రోజు వంట కోటమ్మత్తదే. వడ్డనకు ముందు నన్ను వంటింట్లోకి పిలిచింది. "పన్నెండు పిట్టలు ఆరుగురికి ఏ మూలకిరా? నా గుడ్ల పెట్టను కూడా కోసి కలిపాను. చెప్పుకుంటావో దాచుకుంటావో నీ ఇష్టం" అంది.

మామగారు ముక్క కొరికి కళ్లు మూసుకున్నారు. "నిజమేనోయ్ అల్లుడూ, దీని ముందు కోడి దిగదుడుపే." మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను గెలిచినట్టే. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి 'ఫూ' అని వినిపించింది. ఆవిడ పొయ్యే ఊదుతోందో, నన్నే ఊదుతోందో.

"మామయ్యా, మీ చేతిలో ఉన్నది కోడి కాలు" అన్నాను. పత్తి గింజల దగ్గర్నుంచి అంతా చెప్పేశాను.

ఆయన ఆ కాలును పైకెత్తి చూశారు. "తెలుసులేవయ్యా. పూరేడుకి ఇంత కాలుంటే అదే మనకు వలేసి పట్టేది. నువ్వు చెబుతావా లేదా అని చూశాను." తర్వాత అసలు పూరేడు తిన్నారు. ఎముకతో సహా నమిలి, "రుచి విషయంలో మాత్రం అబద్ధమాడలేదు. నాలుకకు తెలిసేలోపే అయిపోతోంది, అదొక్కటే లోటు" అన్నారు. ఆ రోజు నుంచి నా మాట సగమైనా నమ్మారు. మా ఆవిడ మొత్తం నమ్మింది, పాపం. మర్నాడే సంతకెళ్లి కోటమ్మత్తకు గుడ్లు పెట్టే పెట్టను తెచ్చిచ్చాను. తీసుకుని, దాని ఈకలు కూడా ఊది చూసింది.

ఇన్నేళ్లలో గొప్పలు మానలేకపోయాను. చెప్పాక ఊదుకోవడం మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. ఇప్పుడూ కోడలు ప్లేటు తెచ్చి పెట్టగానే చిన్నగా ఊదాను.

"వేడిగా ఉందా మామయ్యా?"

"కాదమ్మా. రెండొందలు కాదు, పన్నెండు. అవి కూడా కోటమ్మత్త పెంచినవే."

"తెలుసు మామయ్యా. పోయినసారి నూటయాభై అన్నారు" అంటూ ఇంకో పిట్ట వేసింది.